పిండి పూసిన రొయ్యకు విదేశాల్లో నిజంగా గిరాకీ పెరుగుతోందా? చిన్న లైన్ పెట్టమంటున్నారు

ఆకివీడు అబ్బాయి (ప్రశ్న), 2025 నవంబరు 8

నాన్నకు ఆకివీడు దగ్గర చెరువులున్నాయి. నాలుగింటిలో వనామీ రొయ్య, మిగతావాటిలో చేప. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. రొయ్య గురించి నాకు తెలిసింది సెలవులకు వెళ్లినప్పుడు గట్టు మీద నిలబడి చూసినంతే.

మా మావయ్యకు తెలిసినవాళ్లది మూతబడిన ఐసు ఫ్యాక్టరీ ఒకటి ఉంది. దాన్ని బాగుచేసి బ్రెడ్ పొడి పూసిన రొయ్య, వండిన రొయ్య తయారుచేద్దామని, మూడు వాటాల్లో ఒకటి మమ్మల్ని తీసుకోమని అడుగుతున్నారు. వాళ్ల వాదన ఇది: ప్రపంచమంతా ప్రాసెస్ చేసిన సముద్ర ఆహారం దిగుమతి పెంచుకుంటోంది, మనం మాత్రం పచ్చి రొయ్య పంపి కూర్చుంటున్నాం, మన సరుకుకే థాయ్‌లాండ్, వియత్నాం మసాలా పూసి లాభం తింటున్నాయి. దానికి తోడు ఎగుమతి లెక్కల్లో 16వ అధ్యాయం కింద మన దేశం వాటా ఎంత తక్కువో చూపించే ఒక పటం కూడా పంపారు.

నాన్న ఆ పటం చూసి, "రొయ్యకు చొక్కా తొడిగితే బయ్యర్ ఎక్కువిస్తాడా?" అని ఒక్క మాట అని ఊరుకున్నారు. అమెరికా 50 శాతం సుంకం ఉండగా ఈ సమయంలో ఇది తెలివైన పనేనా? ఏ దేశం ఏం కొంటోంది? ప్లాంటులో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.


మైనస్ పద్దెనిమిది (జవాబు)

కాకినాడ వైపు ఒక ప్లాంటులో పంతొమ్మిదేళ్లు పనిచేశాను. పీలింగ్ హాల్లో సూపర్‌వైజరుగా చేరి, ప్రొడక్షన్ ప్లానింగ్ దాకా వచ్చి మానేశాను. మోకాళ్లు ఇప్పటికీ వానాకాలం వస్తే ఆ హాల్‌ను గుర్తుచేస్తాయి. అందుకని కాస్త పెద్ద జవాబే రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఆ పటం సంగతి. కస్టమ్స్ లెక్కల్లో రొయ్య రెండు చోట్ల కూర్చుంటుంది. 03వ అధ్యాయం 0306లో చల్లబరిచినది, గడ్డకట్టించినది. 16వ అధ్యాయం 1605లో వండినది, పిండి పూసినది, సాస్ పోసినది. పటం గీసినవాళ్లు 1605ను మాత్రమే "ప్రాసెస్డ్" అనుకున్నారు. తల తీసి, పొట్టు ఒలిచి, వెన్ను చీల్చి నరం లాగి, తోక మాత్రం ఉంచి, ముక్కముక్కగా విడివిడిగా గడ్డకట్టించి సంచిలో వేసిన రొయ్య ఎక్కడికి వెళుతుందో తెలుసా? 0306లోకే. లెక్కల పుస్తకం దృష్టిలో అది పచ్చి సరుకు. ఇంకో తమాషా ఉంది. పొట్టుతో ఉడికించిన రొయ్య 03లోనే ఉంటుంది, పొట్టు తీసి ఉడికిస్తే 16లోకి దూకుతుంది.

ఆ పొట్టు తీసే పని ఏమిటో మీకు కళ్లకు కట్టాలి. స్టీలు బల్ల, దాని మీద ఐసు, రెండు వైపులా ఆడవాళ్లు. తోక ఉంచాల్సిన రకమైతే చివరి కణుపు పొట్టు వదిలేయాలి. దాని పక్క కణుపు పొట్టు ఆవగింజంత మిగిలినా గ్రేడర్ వెనక్కి పంపుతుంది. తోక విరిగితే ఆ ముక్క వేరే రకంలోకి జారుతుంది, ధర తగ్గుతుంది. నరం కోసం కత్తి మొన ఎంత లోతు దిగాలో చెప్పే కొలత లేదు, వేలికి తెలియాలి. మా హాల్లో శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒకామె గోరుతోనే గీసి నరాన్ని ఒక్క లాగులో తీసేది, కత్తి పట్టిన పక్కామె కంటే వేగంగా. వంద కిలోల రొయ్యలో తలలకే ముప్పై ఐదు కిలోల దాకా పోతుంది. పొట్టు, నరం పోయాక సగానికి కాస్త పైన మిగులుతుంది. ఇంత చేసిన తర్వాత ఎవరో వచ్చి "మీరు పచ్చి సరుకు పంపుతున్నారు" అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అమెరికా మన దగ్గర కొన్నది ప్రధానంగా ఈ చేతి పనినే. 2012 దాకా అక్కడ థాయ్‌లాండ్‌ది పైచేయి. తర్వాత ఈఎంఎస్ జబ్బు వచ్చి వాళ్ల చెరువులు సగానికి సగం ఖాళీ అయ్యాయి. అప్పటికి మనం 2009లో అనుమతి వచ్చిన వనామీతో ఊపు మీదున్నాం. ఆ ఖాళీలోకి మన ఒలిచిన రొయ్య వెళ్లింది. 2024–25లో మన దేశం ఎగుమతి చేసిన గడ్డకట్టిన రొయ్య 7,41,529 టన్నులు, అందులో ఒక్క అమెరికాకే 3,11,948 టన్నులు. చైనాకు 1,36,164 టన్నులు. యూరోపియన్ యూనియన్‌కు లక్ష టన్నుల లోపే.

ఇక్కడ దేశానికో బుద్ధి. చైనావాడు తలతో ఉన్నది కొంటాడు, తల తీసినది కొంటాడు, ఒలవడం తన ఊళ్లోనే చూసుకుంటాడు. ఈక్వడార్ అక్కడ రాజ్యమేలుతోంది. చెరువులో పలచగా వేసి పెంచి, తలతో సహా పంపేస్తుంది. చైనా ధర పడిపోయినప్పుడల్లా ఆ ఈక్వడారే పీలింగ్ పెంచి అమెరికా వైపు తిరుగుతోంది, మనకు అసలు గుబులు అదే. జపాన్‌వాడు ముక్క లెక్కన కొంటాడు. టెంపురా కోసం సాగదీసిన రొయ్య ఒకటుంది, నొబాషి అంటారు. పొట్ట వైపు చిన్న గాట్లు పెట్టి, నొక్కి, సాగదీసి, ట్రేలో పక్కపక్కన పడుకోబెట్టాలి. మేము ఒకసారి ప్రయత్నించాం. వచ్చిన జపాన్ ఇన్‌స్పెక్టర్ జేబులోంచి ప్లాస్టిక్ స్కేలు తీసి ట్రేలో ఒక్కొక్క రొయ్య పొడవూ కొలిచాడు. మూడు మిల్లీమీటర్ల తేడాకు ట్రే పక్కన పెట్టాడు. మా వాళ్లు నవ్వారు, నేను నవ్వలేదు. ఆ పనిని వియత్నాం, థాయ్‌లాండ్, ఇండోనేషియా ఆడవాళ్లు ఏళ్ల తరబడి చేసి చేతికి తెచ్చుకున్నారు. తమ చెరువు చాలకపోతే ముడిసరుకు బయట కొంటారు. 2022లో థాయ్‌లాండ్ ఈక్వడార్ నుంచి, మన దగ్గర నుంచి రొయ్య దిగుమతికి తలుపు తీసింది అందుకే.

కాబట్టి "మన సరుకుకే మసాలా పూసి లాభం తింటున్నారు" అన్న మాటలో సగం నిజముంది. కానీ వాళ్లు అమ్ముతున్నది మసాలా కాదు, ముప్పై ఏళ్ల చేతివాటం, దానితో పాటు జపాన్ బయ్యర్‌తో ముప్పై ఏళ్ల పరిచయం.

ఇక సుంకం. 2025 నవంబరు నాటి లెక్క చెబుతున్నాను: ఆగస్టు 27 నుంచి అమెరికాలో మనకు 50 శాతం. దాని మీద మరీ చవగ్గా అమ్ముతున్నామని 2005 నుంచి వేస్తున్న యాంటీ డంపింగ్ సుంకం, 2024 డిసెంబరు నుంచి మన సర్కారు రాయితీలకు విరుగుడుగా 5.77 శాతం కౌంటర్‌వెయిలింగ్ సుంకం. అన్నీ కలిపితే 58 దాటింది. ఈక్వడార్‌కు కొత్త సుంకం 15, ఇండోనేషియా, థాయ్‌లాండ్‌లకు 19, వియత్నాంకు 20. బ్రెడ్ పొడి పూసిన రొయ్యకు యాంటీ డంపింగ్ పట్టదు, అది నిజమే, మీ మావయ్య స్నేహితులు ఆ మాట చెప్పే ఉంటారు. కానీ 50 శాతం దానికీ పడుతుంది. ఇందులో ఎవరూ గమనించని దెబ్బ ఒకటుంది. సుంకం కిలోకు కాదు, విలువకు. లెక్క కోసం అనుకుందాం: ఎనిమిది డాలర్ల ఒలిచిన రొయ్యకు నాలుగు డాలర్లు కట్టాలి. అదే రొయ్యను వండి, పుల్లకు గుచ్చి, సాస్ పోసి పదకొండు చేస్తే అయిదున్నర కట్టాలి. అంటే మన వంటకూ, మన పుల్లకూ, మన ఆడవాళ్ల కూలికీ కూడా సగం సుంకం. విలువ జోడించండి అని ఇక్కడ ఉపన్యాసం, జోడించిన విలువ మీద అక్కడ పన్ను.

యూరప్‌లోనూ ఇదే మెట్ల వరస, మెట్టు ఎత్తు తక్కువ, అంతే. రాయితీ పోగా మనకు 0306 మీద 4.2 శాతం, 1605 మీద 7 శాతం. ఈక్వడార్‌కు సున్నా. వియత్నాంకు 2020 ఆగస్టులో అమల్లోకి వచ్చిన ఒప్పందంతో కొన్నిటికి వెంటనే, కొన్నిటికి అంచెలంచెలుగా సున్నా. పైగా మన చెరువు రొయ్య కంటైనర్లలో సగం అక్కడి రేవుల్లో యాంటీబయాటిక్ పరీక్షకు ఆగుతాయి.

ఇప్పుడు మీ నాన్నగారి ప్రశ్న. చొక్కా తొడిగితే ఎక్కువిస్తాడా? అమెరికా నిబంధన ప్రకారం బ్రెడెడ్ రొయ్య అని పేరు పెట్టాలంటే అందులో కనీసం సగం రొయ్య ఉండాలి. "పలచగా పూసినది" అనాలంటే 65 శాతం. అంటే కంటైనర్‌లో సగం దాకా గోధుమ పొడి ప్రయాణం చేయవచ్చు. కిలో ధర ఒలిచిన రొయ్య కంటే పెరగాలన్న నియమమేమీ లేదు, చాలాసార్లు పెరగదు. లాభం పొడిలో ఉంటుంది, రొయ్యలో కాదు. అందువల్ల ప్లాంటుకు మిగలవచ్చు, రైతుకు గిట్టుబాటు ధర దీని నుంచి వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

ఒక్క మేలు ఉంది. గుప్పెడు గుప్పెడు నోట్లో వేసుకునే చిన్న బ్రెడెడ్ రకానికి చిన్న రొయ్యే కావాలి. ఈహెచ్‌పీ అనే జబ్బు తగిలి ఎదగక, భయపడి వంద కౌంటుకే, అంటే కిలోకు వంద తూగినప్పుడే, పట్టేసిన సరుకుకు అది ఒక ఇల్లు. మీ చెరువుల్లో ఈ మధ్య ఎన్ని పంటలు వంద కౌంటుకే పట్టారో నాన్నను అడగండి.


చెరువుగట్టు (జవాబు)

పై జవాబు బాగుంది కానీ అమ్మా, మాకు తెలిసిన అంతర్జాతీయ పోకడ ఒక్కటే. అక్కడ సుంకం పెరిగిందని టీవీలో రాత్రి చెబితే ఇక్కడ తెల్లవారేసరికి కౌంటు ధర పడిపోతుంది. సుంకం తగ్గిందని చెబితే మాత్రం "పాత సరుకు కోల్డ్ స్టోరేజిలో ఉంది, చూద్దాం" అంటారు. ఏప్రిల్‌లో అదే చూశాం, ఆగస్టులో అదే చూశాం. మేత ధర దిగింది లేదు.

అబ్బాయీ, వాటా తీసుకుంటే తీసుకో. చెరువు పత్రాలు మాత్రం తాకట్టు పెట్టకు.


హ్యూస్టన్ నుంచి (జవాబు)

మాది నరసన్నపేట దగ్గర. ఇక్కడ కిరాణా గొలుసు దుకాణాల గిడ్డంగిలో, గడ్డకట్టిన సరుకు విభాగంలో పనిచేస్తాను. తయారీ సంగతులు నాకు తెలియవు, సంచి వెనక రాసింది చదవడం తెలుసు.

ఒలిచి నరం తీసిన రొయ్య సంచుల మీద నిన్న మొన్నటిదాకా ఇండియా పేరే ఎక్కువ. ఈ రెండు నెలల్లో వచ్చే పెట్టెల మీద ఈక్వడార్ పేరు కనబడటం పెరిగింది. ఇది మా గిడ్డంగి మాటే, దేశం మొత్తానికి అన్వయించకండి. బ్రెడెడ్ సంచులు వేరే కథ. కొన్ని వియత్నాం, ఇండోనేషియాల నుంచి తయారై వస్తాయి. చాలా వాటికి ఇక్కడి కర్మాగారాల్లోనే పొడి పూస్తారు. ఇక్కడ దుకాణాల్లో చేప, రొయ్య ఏ దేశానిదో రాయాలన్న చట్టముంది కానీ వండినదానికీ, పొడి పూసినదానికీ దాని నుంచి మినహాయింపు. కాబట్టి ఆ పొడి కింద ఉన్నది భీమవరం రొయ్యే అయినా కొనేవాడికి తెలియదు. పై జవాబులో చెప్పిన ఒలిచిన రొయ్య కొంత చేరేది ఇక్కడికే అనుకుంటాను: మనవాళ్లు ఒలుస్తారు, వీళ్లు చొక్కా తొడుగుతారు.

ఇంకొకటి. ఆగస్టులో ఇండోనేషియా నుంచి వచ్చిన రొయ్యలో సీజియం 137 అనే రేడియోధార్మిక పదార్థం జాడ దొరికింది. ఇక్కడి ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నమూనాల్లో పాజిటివ్ వచ్చినది బ్రెడెడ్ రొయ్యే. వరసగా వెనక్కి పిలిచారు. ఒక శుక్రవారం రాత్రి మేము ముగ్గురం చేతిలో లాట్ నంబర్ల కాగితం పట్టుకుని, మైనస్ డిగ్రీల్లో పెట్టె పెట్టెకూ టార్చి వేసి వెతికాం. నా కళ్లద్దాలకు మంచు పట్టి రెండు సార్లు అదే వరస లెక్కపెట్టాను. ఇప్పుడు ఇండోనేషియా సరుకుకు సర్టిఫికెట్ కావాలంటున్నారు. ఒక దేశానికి తగిలిన దెబ్బ ఇంకో దేశానికి దారి అవుతుందని థాయ్‌లాండ్ సంగతిలో మీరే రాశారు. 50 శాతం లేకపోతే ఈ దారి మనదే అయ్యేది.


ఆకివీడు అబ్బాయి

ముగ్గురికీ ధన్యవాదాలు. నాన్నకు చదివి వినిపించాను. వంద కౌంటు దగ్గర నవ్వారు, గత రెండేళ్లలో మూడు పంటలు అలాగే పట్టామన్నారు.

మావయ్యను అడిగితే రెండు మాటలన్నారు. ఒకటి, అమెరికా మూసుకుంటే వియత్నాం పంపి అక్కడి పేరుతో పంపిద్దామని. రెండు, బ్రిటన్‌తో జూలైలో ఒప్పందం అయింది కాబట్టి వండిన రొయ్య అక్కడికి పంపవచ్చని. ఇవి నిలబడే మాటలేనా?


మైనస్ పద్దెనిమిది

మొదటి మాట దగ్గరే ఆగి దండం పెట్టండి. పొట్టు ఒలిచి నరం తీసినంత మాత్రాన పుట్టిన దేశం మారిపోదని అమెరికా కస్టమ్స్ పట్టుదల. పెట్టె మారితే దేశం మారుతుందనుకుని వెళ్లినవాళ్లు దొరికిపోయిన రోజున పెట్టుబడి పెట్టినవాళ్లందరి పేర్లూ కాగితం మీదకు వస్తాయి. వియత్నాంవాడు మన రొయ్య కొని నిజంగా వండి అమ్ముకుంటే అది వాడి వ్యాపారం, అందులో మీకు దక్కేది పచ్చి రొయ్య ధరే.

రెండో మాటలో బలం ఉంది. జూలై 24న సంతకాలయ్యాయి, అమల్లోకి వచ్చాక బ్రిటన్‌లో మన రొయ్య మీద 4.2 నుంచి 8.5 శాతం దాకా ఉన్న సుంకం సున్నా అవుతుంది. అక్కడివాళ్లు వండి ఒలిచిన రొయ్యను శాండ్‌విచ్‌లో, సలాడ్‌లో చల్లగానే తింటారు. గిరాకీ కొత్తగా పుట్టాల్సిన పని లేదు, తరాలుగా ఉంది. యూరప్ కూడా సెప్టెంబరులో మనవి 102 యూనిట్లను కొత్తగా అనుమతి జాబితాలో చేర్చింది. నన్ను అడిగితే అమెరికా కోసం బ్రెడెడ్ కంటే బ్రిటన్ కోసం వండినదే మేలైన ఆలోచన.

అయితే "చల్లగానే తింటారు" అన్న చోటే మీ డబ్బు ఖర్చయ్యేది. బ్రెడెడ్ రొయ్యను కొన్నవాడు నూనెలో వేయిస్తాడు, మన పొరపాట్లు కొన్ని ఆ నూనెలో చస్తాయి. వండిన రొయ్యను వాడు సంచి విప్పి నోట్లో వేసుకుంటాడు. లిస్టీరియా అనే క్రిమి చలిలోనూ బతుకుతుంది, తడి నేలలో, డ్రైనేజీ మూలల్లో కాపురం పెడుతుంది. అందుకే స్టీమ్ కుక్కర్‌కు ఇటు పచ్చి గది, అటు వండిన గది, మధ్యలో గోడ. మనుషులు వేరు, బూట్ల రంగు వేరు, గాలి వేరు, కత్తి వేరు. పచ్చి వైపు పనిచేసినామె అటు వైపు ఉన్న చెల్లెలికి టిఫిన్ డబ్బా అందించడానికి కూడా వీల్లేదు. మా దగ్గర సరిగ్గా ఇదే జరిగి, ఒక పూట ఉత్పత్తి మొత్తాన్ని పక్కన పెట్టి పరీక్షకు పంపాం. ఫలితం బాగానే వచ్చింది. ఆ నాలుగు రోజులూ ఎవరికీ నిద్ర లేదు, ఆ అక్కాచెల్లెళ్లు భోజనం మానేశారు.

బ్రెడెడ్‌లోనూ ఒక ముచ్చట చెప్పి ఆపుతాను. ఒకసారి ట్రయల్ బ్యాచ్ తీశాం. సంచిలోంచి కొన్ని ముక్కలు తూచి, నీళ్లలో ముంచి, పొడిని గరిటెతో మెల్లగా గీకి, రొయ్యను తుడిచి మళ్లీ తూచాలి. కాంట మీద రొయ్య 48 శాతమే వచ్చింది. ఉండాల్సిన సగానికి రెండు శాతం తక్కువ. పిండి జారు కాస్త చిక్కబడింది, అంతే, ఆ రోజు ఉక్కపోతకు నీళ్లు తగ్గాయి. చూడటానికి బంగారు రంగులో, పొంగి, కంపెనీ బొమ్మలో ఉన్నదాని కంటే అందంగా ఉన్నాయి. మొత్తం ఆపేశాం. ఆ పూట క్యాంటీనులో అందరం అవే తిన్నాం.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఒక్కటి. వాటా గురించి మాట్లాడే ముందు ఆ ఐసు ఫ్యాక్టరీకి వెళ్లి, నేల మీద రెండు బకెట్ల నీళ్లు గుమ్మరించండి. నీళ్లు వండిన గది నుంచి పచ్చి గది వైపు పారాలి. పచ్చి వైపు నుంచి వండిన వైపు పారితే నేలంతా తవ్వాల్సిందే. వాళ్ల అంచనా కాగితంలో నేల తవ్వే ఖర్చు రాశారా అని కూడా చూడండి.


ఆకివీడు అబ్బాయి

ఈ ఆదివారం నాన్నా నేనూ వెళ్లాం. మావయ్య స్నేహితులు ప్లాను చూపించి ఇక్కడ కుక్కర్, ఇక్కడ ప్యాకింగ్ అని సుద్దముక్కతో గీశారు. మీరు చెప్పినట్టే నీళ్లు పోశాను. కాసేపు అటూ ఇటూ తచ్చాడి, నేరుగా "ప్యాకింగ్" అని రాసిన గీత దాటుకుని మూలకు పోయి నిలబడ్డాయి. సుద్ద గీత చెరిగిపోయింది. నాన్న ఏమీ అనలేదు, బకెట్ తీసుకెళ్లి కుళాయి దగ్గర పెట్టి వచ్చారు.

అంచనా కాగితం అడిగాను. నేల ప్రస్తావన లేదు. కొత్త కాగితం పదిహేను రోజుల్లో ఇస్తామన్నారు. వచ్చాక ఇక్కడే పెడతాను.